కాయితం మీద మా పేరు

వంశవృక్షం అనే మాట మా మాదిగవాడలో ఎవరి నోటా వినలేదు. వంశం దొరలకు ఉంటది. వృక్షమంటే ఊరి నడుమ రావిచెట్టు, దాని గద్దె మీద కూసునే హక్కు మాకు లేకుండె. మా వాళ్లకు తెలిసినవి పాలోళ్లు, వియ్యాలోళ్లు, తల్లిగారోళ్లు. చచ్చినోళ్ల లెక్క చెప్పమంటే పెత్రమాస నాడు తలుచుకునే రెండు తరాల దగ్గర ఆగిపోతది.

బాపనోళ్ల పెండ్లిలో మూడు తరాల పేర్లు మైకులో చదువుతరు. కామారెడ్డి పక్కన దోమకొండ సంస్థానం ఏలినోళ్ల వంశావళి పుస్తకాలకెక్కింది. వాళ్ల కోట ఇప్పటికీ నిలబడే ఉన్నది. ఏ కోట గోడకైనా రాళ్లు మోసినోళ్లెవరు? బాయిల మీద మోటలకు తోలు తొండాలు కుట్టినోళ్లెవరు? వాళ్లకు తాతలు లేరా? ముత్తవ్వలు లేకుండనే పుట్టిన్రా?

నేను కామారెడ్డిలో ముప్పై ఏండ్లు చరిత్ర పాఠం చెప్పిన. ఏడుగురు నిజాం నవాబులను, గద్దెనెక్కిన ఏండ్లతో సహా, నల్లబల్ల మీద వరుసగా రాసేవాణ్ణి. నా వెనక నాలుగో తరం మనిషి పేరేందో మా ఇంట్లో ఇద్దరిని అడిగితే రెండు పేర్లు చెప్పేది.

నన్ను వెతుకులాటలోకి దింపింది చరిత్ర కాదు, రెవెన్యూ. మా బాపు 2017లో చనిపోయిండు. ఎల్లారెడ్డి దిక్కు మా ఊళ్లో ఆయన పేర ఎకరం పది గుంటల భూమి ఉన్నది. దాన్ని మా అన్నదమ్ముల పేర విరాసత్ చేయించుకునేటప్పుడు, అసలు ఈ భూమి మా తాతకు ఎట్ల వచ్చిందన్న ప్రశ్న లేచింది. బాపు రేకుపెట్టెలో శిస్తు రసీదులు, ఒక పాత పహాణి నకలు దొరికినయి. ఆ నకలు పట్టుకొని మొదలుపెట్టిన పని భూమి దగ్గర ఆగలేదు.

తెలంగాణలో భూమి ముచ్చట తెలిసినోళ్లకు 1954-55 ఖాస్రా పహాణి అంటే ఏందో చెప్పక్కర్లేదు. 1949లో జాగీర్లు రద్దయినంక, ఊరూరా సర్వే నంబరు వారీగా ఎవరి పట్టా, ఎవరి కబ్జా అని రాసిన దప్తరం అది. ఇయ్యాల్టికీ తగాదా వస్తే దాన్నే మూలంగా చూస్తరు. దానికంటే వెనక సేత్వార్ ఉంటది, నిజాం కాలం నాటి సర్వే తర్వాత తయారైన ఊరి మూల రికార్డు. ఏండ్లు ఫసలీలో ఉంటయి. ఫసలీకి 590 కలిపితే మన లెక్క వస్తది. ఫసలీ 1331 అంటే 1921-22. నిజాం సర్కారు 1880ల దాక ఫార్సీలో నడిచింది, తర్వాత ఉర్దూలోకి మారింది. ఆ దప్తరాలు హైదరాబాద్ తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్‌లో బీరువాల నిండా ఉన్నయి. మా తాతలకు తెలుగు అక్షరమే అందలేదు. వాళ్ల బతుకు రాసిన లిపి వాళ్ల చెవికి కూడ సోకని లిపి. నాతోపాటు పని చేసి రిటైరైన ఉర్దూ మాస్టర్ సాబ్ ఒకాయన కళ్లద్దాలు సవరించుకుంటూ నాకు చదివిపెట్టిండు.

ఖాస్రా పహాణిలో మా తాత దొరికిండు. ఇంటిపేరు లేదు. పేరు చివర ‘గాడు’. దాని వెనక ‘వల్ద్’ అని ఆయన తండ్రి పేరు, దానికీ ‘గాడు’. దాని వెనక ‘కౌమ్ మాదిగ’. వల్ద్ అంటే ఫలానా వాని కొడుకు, కౌమ్ అంటే కులం. అదే పేజీలో పక్క సర్వే నంబరు పట్టాదారుకు ఇంటిపేరున్నది, పేరు చివర ‘రావు’ ఉన్నది. ఆయనకు కులం రాయాల్సిన పని పడలేదు. మాస్టర్ సాబ్ ఆ ‘గాడు’ దగ్గర ఆగి, “లెక్చరర్ సాబ్, యే తో గాలీ హై” అన్నడు. అవును, తిట్టే. ఒక తిట్టు సర్కారీ రికార్డులో మా ముత్తాత పేరై కూసున్నది.

భూమి ఎట్ల వచ్చిందో సేత్వార్ చెప్పింది. అది బలోత ఇనాం. మా ముత్తాత నీరడి. చెరువు తూము తీసుడు, మూసుడు, రాత్రనక పగలనక కాలువ ఎంబడి తిరుగుడు, ఎవరి మడికి ఎన్ని నీళ్లో పంచుడు ఆయన పని. ఆ చాకిరికి పైసలియ్యకుండ చెరువు కింద ఇంత తరి చెక్క ఇచ్చిన్రు. ఊరి పొలాలన్నిటికీ నీళ్లు పారిచ్చిన మనిషి ఊరి బాయిల చెంబు ముంచరాదు. ఈ సంగతి సేత్వార్‌లో ఉండదు. ఇనాంల రద్దు చట్టం 1955లో వచ్చింది. ఇసొంటి చెక్కలు ఎన్ని ఊళ్లలో ఎవరి చేతులకు పోయినయో చదివేటోళ్లకు నేను చెప్పక్కర్లేదు. మాకు ఎకరం పది గుంటలు మిగిలింది, దానితోనే తాత పేరు మిగిలింది. భూమి లేని మా పాలోళ్ల ఇండ్లకు ఆ పేరు కూడ మిగలలేదు. దొర కొట్టంల జీతగాడై బతికినోని పేరు ఏ సర్వే నంబరు కింద రాస్తరు?

జనగణన చూద్దామంటే అదీ అంతే. హైదరాబాద్ రాజ్యంలో మొదటి జనగణన 1881లో జరిగింది. మాలలు ఇంతమంది, మాదిగలు ఇంతమంది అని అంకెలున్నయి. భాగ్యరెడ్డి వర్మ, ఆయన తోటివాళ్లు కొట్లాడితే 1931 జనగణనలో ‘ఆది హిందూ’ అన్న పేరు ఎక్కింది. అది మనం అడిగి రాయించుకున్న పేరు, అందుకు గర్వపడాలె. కాని అదీ గుంపు పేరే. 1920లో సయ్యద్ సిరాజ్ ఉల్ హసన్ నిజాం రాజ్యంలోని కులాల మీద పెద్ద పుస్తకం అచ్చేయించిండు. అందులో మనమున్నది జాతి లెక్కన. లెక్కల ఉన్నం, పేర్ల లేం.

ఇంకో ముచ్చట. మా భూమి రికార్డులో ఆడమనిషి ఒక్కతి లేదు. వల్ద్ వెనక వల్ద్, తండ్రి వెనక తండ్రి. ఆ తరి చెక్కలో నాట్లేసి, కలుపు తీసి, దొర గడిల వడ్లు దంచిన మా ముత్తవ్వల సంగతి రెవెన్యూకు తెల్వదు.

మరి మా పేర్లు దాచిపెట్టినోళ్లే లేరా? ఉన్నరు, డక్కలోళ్లు. మాదిగల ఇంటిపేర్లు, గోత్రాలు, ఏ ఇంటోళ్లు ఏ ఊరి నుంచి ఏ ఊరికి దిగిన్రో, జాంబవుని కాడ మొదలుపెట్టి కత కట్టి చెప్పేది వాళ్లే. జాంబపురాణాన్ని ఆడి చూపేది చిందోళ్లు. 2005లో పోయిన మా నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ ఆ ఆటకు పేరు తెచ్చిన తల్లి. బాన్సువాడ తొవ్వలో గుడిసెలేసుకున్న ఒక డక్కలి ముసలాయనకు మా ఇంటిపేరు చెప్పంగనే, మా పెద్దలు మంజీర అవతలి నుంచి వచ్చిన్రని, ఇద్దరన్నదమ్ములని, ఒకడు చెరువు కాడ నిలిస్తే ఒకడు తోలుపనితోని ఇంకో ఊరికి పోయిండని ఆగకుండ చెప్పిండు. పహాణిలో మాకు దక్కని ఇంటిపేరు ఆయన నాలుక మీద ఉన్నది. అసొంటోళ్లను మాదిగ కులం గడప దాటనియ్యలేదు. దూరం కూసోబెట్టి గిన్నెల పోసింది. మన చరిత్ర మోసినోళ్లను మన కులమే అంటరానోళ్లను చేసింది. దళిత చరిత్ర అని మాట్లాడే ప్రతి సభలో ఈ మాట కూడ రావాలె.

ఇక మా నాయినమ్మ దిక్కు. ఆమె తల్లిగారి ఊరు నిజాంసాగర్‌ల మునిగింది. మంజీర మీద ఆ ప్రాజెక్టును 1923లో మొదలుపెట్టి 1931 దాక కట్టిన్రు. ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ పేరు అందరికీ తెలుసు. బోధన్ దాక వరి, చెరుకు పండింది ఆ నీళ్లతోనే. మునిగిన ఊళ్ల మాదిగవాడల పేర్లు ఎవరికి తెలుసు? నాయినమ్మ కట్ట మీద నిలబడి నీళ్ల నడుమకు చెయ్యి చాపి, “గదో, మా అవ్వ ఇల్లు గాడ” అనేది. ఆమెకు తారీఖులు లేవు. రైలు కంకర పడ్డ ఏడు, గత్తరొచ్చిన ఏడు, కట్ట లేచిన ఏడు, రజాకార్ల ఏడు. రైలు కంకరంటే సికింద్రాబాద్ నుంచి కామారెడ్డి మీదుగ మన్మాడ్ పోయే గోదావరి వ్యాలీ రైలుదారి, 1900 ప్రాంతం. “మా అవ్వ పోరిగున్నప్పుడు గా కంకర తట్ట మోసింది బిడ్డా” అని చెప్పేది.

నాయినమ్మ పోచమ్మకు బోనం చేసేది. ఎల్లమ్మకు మొక్కేది. రాత్రి పండుకునేటప్పుడు మాత్రం గోడ దిక్కు తిరిగి “యేసయ్యా” అనేది. ఆ ఒక్క మాటే నాకు దొరికిన దారం.

మెదక్ నుంచి వెస్లియన్ మెథడిస్టు మిషన్ మా తావుల దాక వచ్చింది. చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన మెదక్ చర్చిని 1924 డిసెంబరు 25న తెరిచిన్రు. కరువుల కూలికొచ్చినోళ్ల చేతులు దానికి రాళ్లెత్తినయి. డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దొరసాని 1915లో కుష్ఠురోగులకు దవాఖాన పెట్టింది. చెయ్యి తగిలితే తానం చేసే ఊళ్లల్ల నాడి పట్టుకొని మందిచ్చినోళ్లు వీళ్లు. మన వాళ్లు గుంపులుగా ఎందుకు పోయిన్రో చెప్పనీకి ఇంతకంటే పెద్ద కారణం వెతకక్కర్లేదు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డంక మా దిక్కు మెథడిస్టు చర్చిలు దాని మెదక్ డయాసిస్ కిందికి వచ్చినయి. ఆ మిషన్ కాయితాలు, దొరలు పంపిన ఉత్తరాలు లండన్‌లో సోయాస్ గ్రంథాలయంలో ఉన్నయి. మాదిగవాడ ముచ్చట తెలుసుకోను సముద్రం దాటాలె. మా అదృష్టం, బాప్తిస్మపు రిజిస్టర్లు కొన్ని ఇక్కడనే పాత బీరువాల్లో బతికున్నయి.

ఏ ఊరి చర్చో చెప్పను. ఏ ఏడో కూడ చెప్పను. ఎందుకో తర్వాత మీకే తెలుస్తది. మూడు చర్చిలు తిరిగినంక, ఒక పాస్టరయ్య గోనెగుడ్డలో చుట్టిన రిజిస్టరు తీసి నా ముందర పెట్టిండు. పేరు, కొత్త పేరు, తండ్రి, తల్లి, ఊరు, వృత్తి అని గడులున్నయి. ఒక పేజీలో ఆ మునిగిన ఊరి పేరు కనబడ్డది. దాని కింద పదకొండు మంది, అందరూ ఒక్కదినం బాప్తిస్మం తీసుకున్నోళ్లు. ఆరో వరుసలో మా ముత్తవ్వ. పాత పేరు ఊరి దేవతది, కొత్త పేరు బైబిలుది. తల్లి అన్న గడిలో ఆమె తల్లి పేరు. ఏడో వరుసలో ఏడాది నిండని ఆడపిల్ల, మా నాయినమ్మ. వృత్తి: కూలి. మూడు తరాల ఆడోళ్లు ఒక్క పేజీలో! ఏ పేరుకూ తిట్టు అంటుకొని లేదు.

మిషనోళ్లు కూడ ప్రేమతోనే రాసిన్రని నేను అనుకోను. శిస్తు కోసం రెవెన్యూ రాసింది. చాకిరి కోసం ఇనాం రాసింది. ఆత్మల లెక్క కోసం మిషన్ రాసింది. కాని మా ఆడోళ్లను పేరుతోని, తల్లి పేరుతోని రాసిన కాయితం నాకు దొరికినంతలో ఇదొక్కటే.

ఈ సంబురంల ఉన్నప్పుడే మా వాడ పిలగాడు ఒకడు ఫోన్ చేసిండు. జర్మనీల ఎమ్మెస్ చదువుతున్నడు. బాద్ ఆరోల్సెన్ అనే చిన్న పట్నంల ఉన్న ఆర్కైవ్స్ చూసొచ్చిండు. హిట్లర్ సర్కారు చంపిన, చెరబెట్టిన, దేశం వెళ్లగొట్టిన మనుషుల కాయితాలు అక్కడున్నయి. కోటీ డెబ్బై ఐదు లక్షల మంది ముచ్చట. 2007లో పరిశోధకులకు తెరిచిన్రు. “పెద్దనాయినా, ఈడ మనుమలు మనుమరాళ్లు ఏడేడి నుంచో వచ్చి పేర్లు వెతుక్కుంటున్నరు. మనకు ఇసొంటిది ఒకటుంటే ఎట్లుండు?” అన్నడు.

వాడు పెట్టిన మంటతోని పోలండ్ యూదుల సంగతి చదివిన. 1808లో నెపోలియన్ చట్టం వార్సా రాజ్యంలోకి వచ్చినంక పుట్టుక, పెండ్లి, చావు రాసుడు మొదలైంది. మొదట్ల యూదుల పేర్లు కాథలిక్ ఫాదరీ చేతి రిజిస్టరులోనే ఎక్కేటియి. 1826 నుంచి వాళ్ల రిజిస్టర్లు వేరైనయి. ఇంటిపేర్లు కూడ సర్కారు హుకుముతోని 1821లో పెట్టుకోవలసి వచ్చింది. 1868 నుంచి రాత రష్యన్‌లోకి మారింది. నేను ఫార్సీ, ఉర్దూ, తెలుగుల నడుమ తిరిగినట్లు వాళ్ల మనుమలు పోలిష్, రష్యన్‌ల నడుమ తిరుగుతరు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు పోలండ్‌లో 33 లక్షల మంది యూదులున్నరు. అందులో దాదాపు 30 లక్షల మందిని చంపిన్రు. ఆ చావును మా వెట్టితోని తూచను. దేని బరువు దానిది. కాని కాయితం సంగతిలో వాళ్ల దగ్గర నేర్చుకునేది ఉన్నది.

ఒకటి, రాసుకున్న పేరు రెండు దిక్కులా కోస్తది. యూదుల జాబితాలు రాసి, అవే పట్టుకొని వాళ్లను గెట్టోలకు, రైళ్లకు తోలిన్రు. అదే కాలంలో కాథలిక్ బాప్తిస్మపు సర్టిఫికెట్టు, అసలుదో దొంగదో, చేతుల పెట్టుకొని కొందరు ప్రాణాలు దక్కించుకున్నరు. రెండోది, వార్సా గెట్టోలో ఎమాన్యుయెల్ రింగెల్‌బ్లుమ్ అనే చరిత్రకారుడు, ఆయన తోటోళ్లు 1940 నుంచి తమ బతుకును తామే రాసిన్రు. ఉత్తరాలు, పిల్లల రాతలు, గోడ కాయితాలు ఏరి, రేకు డబ్బాల్లో, పాల క్యాన్లలో పెట్టి భూమిలో పాతిపెట్టిన్రు. ఆయనను 1944లో చంపిన్రు. పాతిపెట్టినవి కొన్ని 1946లో, కొన్ని 1950లో తవ్వకంలో బయటపడ్డయి. చంపేటోడు రాసిన లెక్కతోనే చరిత్ర ముగియొద్దని వాళ్లు చేసిన పని అది. మూడోది, 1995లో మొదలైన జూయిష్ రికార్డ్స్ ఇండెక్సింగ్ పోలండ్ అనే సంస్థ. జీతం అడగని కార్యకర్తలు ఊరి వెంట ఊరు పాత రిజిస్టర్లు చదివి పేర్ల పట్టికలు తయారు చేసిన్రు.

అక్కడ ప్రాణం దక్కించిన బాప్తిస్మపు కాయితం ఇక్కడ హక్కు తీస్తది. 1950 ఆగస్టు 10న వచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు హిందువు కానోడు ఎస్సీ కాడన్నది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపిన్రు. క్రైస్తవులకు, ముస్లింలకు తలుపు తెరవలేదు. తెలంగాణలో క్రైస్తవంలోకి పోయిన ఎస్సీలు బీసీ-సి, ఒక్క శాతం. తల మీద నీళ్లు పడంగనే అంటరానితనం కొట్టుకపోయిందని సర్కారు లెక్క. ఊరికి ఆ సంగతి ఎవరు చెప్పాలె? క్రైస్తవ మాదిగ చస్తే ఊరి వల్లకాడు తెరుచుకున్నదా? 2022లో కేంద్రం ఈ ప్రశ్న మీద జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. 2024 నవంబరులో పుదుచ్చేరి యువతి ఒకామె ఎస్సీ సర్టిఫికెట్టు కోసం వేసిన కేసును సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆమె పసిగున్నప్పటి బాప్తిస్మపు రికార్డు ఆ కేసులో సాక్ష్యమై నిలబడ్డది.

మా ఇల్లు కాయితాల్లో హిందూ మాదిగ. మా తమ్ముని బిడ్డ ఎస్సీ సర్టిఫికెట్టుతోని కొలువు చేస్తున్నది. ముత్తవ్వ బాప్తిస్మంతోని ఈ పిల్ల హక్కు పోదని వకీలు చెప్పిండు. కాని 1993 చట్టం కింద ఎవరైనా ఫిర్యాదు ఇస్తే విచారణ నడుస్తది. గెలుస్తం, కాని ఎన్నేండ్లకు? ఓర్వలేనోడు ఒకడు చాలు. అందుకే రిజిస్టరు ఫోటో చూపెట్టంగనే మా తమ్ముడు మొఖం మాడ్చుకొని, “అన్నా, గది నీ ఫోన్ల నుంచి తీసెయ్యి” అన్నడు. ఆయన భయాన్ని నేను తప్పు పట్టను. వాకిట్ల కూసున్న తమ్ముని బిడ్డ లేచొచ్చి, “పెద్దనాయినా, నువ్వు ఏడ రాయకు. నాకు మాత్రం చెప్పు” అన్నది. చెవుల చెప్పిన. ఇద్దరి పేర్లూ చెప్పిన, ముత్తవ్వది, ముత్తవ్వ తల్లిది. రెండుసార్లు లోలోపల అనుకొని లోపలికి పోయింది.

మా వెతుకులాట వచ్చి ఆగింది ఇక్కడ. తిట్టు అంటిన పేరుకు సర్కారు ముద్ర ఉన్నది, దాన్ని నకలు తీసుకొని ఎవరికైనా చూపొచ్చు. తిట్టు అంటని పేరును దాచుకోవాలె.

తెలంగాణ సర్కారు 2024లో ఇంటింటికీ తిరిగి కులాల సర్వే చేసింది. ఎస్సీ వర్గీకరణ 2025 ఏప్రిల్ 14 నుంచి అమలుకు వచ్చింది. 2027 జనగణనలో కులం లెక్కిస్తమని కేంద్రం చెప్పింది. లెక్కలు కావాలె, వాటి కోసం మనమే కొట్లాడినం. కాని అంకెలకు అవ్వలుండరు. చదువుకునే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. ఉద్యమం పనుల్ల ఇదీ ఒక పని అనుకోండ్రి. ఖాస్రా పహాణి నకలు తీయండ్రి. ఒక్కరన్న ఉర్దూ నేర్వండ్రి. డక్కలి పెద్దలు ఉండంగనే వాళ్ల పక్కన ఒక్క చాప మీద కూసోని వాళ్ల మాట రికార్డు చేయండ్రి. 1984లో పట్వారీగిరి రద్దయింది, ఆ ఇండ్ల అటకల మీద ఏ దప్తరాలు మిగిలినయో అడగండ్రి. ముందుగాల ఆడోళ్ల పేర్లు రాయండ్రి, వాళ్లను రాసినోడు ఎవడూ లేడు.

నేను రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి పెట్టిన. ఇంటికి నాలుగు పేజీలు. మా వాడలో ముప్పై ఆరు ఇండ్లు అయినయి, ఇంకా పదకొండున్నయి. కొందరు తాతను చెప్పి ఆగుతరు, కొందరు ముత్తవ్వ పాట కూడ చెప్తరు. పేరు గుర్తు లేనికాడ ఆమె ఏం పని చేసిందో, ఏ ఊరి బిడ్డనో రాస్తున్న. మా ఇంటి పేజీలో ముత్తవ్వ పేరు, ఆమె తల్లి పేరు రాసే ఉన్నయి. 1950 ఉత్తర్వుల ఆ మూడో పేరా పోయిన నాడు అచ్చుకు ఇస్త.